నాపబండకు చింతపండే శత్రువు!

నంద్యాల జిల్లాలోని పాత మిద్దెల్లో నాపరాయి లేని చోటు వెతకడం కష్టం. గడప ముందు మెట్టు నాపరాయి. పంచలో కూర్చునే అరుగు నాపరాయి. ఉప్పుజాడీ, ఊరగాయ కుండ పెట్టుకునే అలమర బండలు నాపరాయి. పెరట్లో అంట్లు తోమే బండ, బట్టలు ఉతికే బండ కూడా నాపరాయే. తాత పరిపించిన బండల మీద మనవళ్ల పిల్లలు ఆడుకుంటున్నారు. ఆ బండలకు ఏమీ కాలేదు.

అదే రాయిని నున్నగా పాలిష్ పట్టించి కొత్త ఇంటి వంటగదిలో వేయించిన వారు మాత్రం ఏడాది తిరగకుండానే పెదవి విరుస్తున్నారు. తళతళలాడిన గట్టు మీద తెల్లటి మచ్చలు తేలాయంటున్నారు. ఎంత తోమినా పోవడం లేదంటున్నారు. రాయి మంచిది కాదేమో, అమ్మినవాడు మోసం చేశాడేమో అని అనుమానపడుతున్నారు. కొందరు బండలు పీకించి టైల్సు వేయించడానికి మళ్లీ అప్పు చేస్తున్నారు.

బనగానపల్లె వైపు ఒక పల్లెలో జరిగింది ఇదే. కొత్త ఇంటి వంటగట్టుకు నల్లని బండ వేయించారు. పండగ వచ్చింది. ఇంటి కోడలు దేవుడి గూట్లోని ఇత్తడి దీపాలు, చెంబులు, గంట అన్నీ తెచ్చి గట్టు మీద పరిచి చింతపండుతో తోమింది. సామాను బంగారంలా మెరిసింది. గట్టు ఆరిన తర్వాత చూస్తే ఎక్కడెక్కడ చెంబు పెట్టిందో అక్కడక్కడ గుండ్రంగా తెల్లటి ముద్రలు. సబ్బుతో రుద్దింది. స్టీలు పీచుతో రుద్దింది. మచ్చలు పోకపోగా చుట్టూ గీతలు పడ్డాయి. "నీకు తుడవడం చాతగాక" అని అత్త సణిగింది. భర్త ఊరికి పోయి బాత్‌రూములు కడిగే యాసిడ్ సీసా తెచ్చి గట్టు మీద గుమ్మరించాడు. బుస్సున నురగ పొంగింది. కడిగి చూస్తే నల్లని గట్టు మొత్తం బూడిద రంగుకు తిరిగింది.

గట్టు పగలగొట్టించాలని నిర్ణయించుకున్నాక, కొలతలు చూడటానికి వచ్చిన పాలిష్ పనివాడు ఒక మాట అడిగాడు. "ఇక్కడ చింతపండు గానీ నిమ్మకాయ గానీ పెట్టినారా అక్కా?" అని. తర్వాత పెరట్లో మిగిలి ఉన్న బండముక్క తెప్పించి, తుడిచి, దాని మీద నిమ్మరసం చుక్క వేశాడు. పది నిమిషాల తర్వాత కడిగి చూపించాడు. గట్టు మీద ఉన్న మచ్చే బండముక్క మీదా పడింది. "ఇది మచ్చ కాదక్కా. మచ్చయితే రుద్దితే పోవల్ల. ఇక్కడ రాయే కరిగింది" అన్నాడు. ఆ మాటతో ఇంట్లో తగువు తీరింది.

రాయి స్వభావం

నాపరాయి అంటే సున్నపురాయే. కాల్చితే సున్నమయ్యే జాతి ఇది. సిమెంటు తయారీకి పనికొచ్చేదీ ఈ జాతి రాయే. కోట్ల సంవత్సరాల క్రితం సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకుని గట్టిపడింది. అందుకే గనిలో ఉలి పెడితే పలకలు పలకలుగా లేస్తుంది. కర్నూలు, కడప ప్రాంతాలలోని ఈ రాతి పొరలను భూగర్భ శాస్త్రజ్ఞులు 'నార్జి సున్నపురాయి' అంటారు. బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల ప్రాంతాల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు బతుకుతున్నది ఈ పొరల మీదనే.

సున్నపురాయికి బరువు తగిలినా భయం లేదు, ఎండావానా తగిలినా భయం లేదు. పులుపు తగిలితే మాత్రం కరుగుతుంది. దీనికి నిదర్శనం జిల్లాలోనే ఉంది. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున విస్తరించాయి. వాటిని ఏ మనిషీ తవ్వలేదు. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న నీరు లేత ఆమ్లంగా మారి, లక్షల ఏళ్లపాటు పారి, సున్నపురాయిని కరిగిస్తూ పోయింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ గుహల సంగతి రాశాడు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు కూడా ఇదే రాతిలో ఏర్పడినవి.

అంత లేత పులుపే కొండలో గుహలు తొలిచింది. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం. నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం, మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం. ఇవన్నీ ఆ నీటికంటే ఘాటైనవి. నున్నని బండ మీద పది నిమిషాలు నిలిస్తే చాలు, పైపొర కొద్దిగా కరిగి గరుకుతేలుతుంది. గరుకైన చోట వెలుతురు చెదిరిపోతుంది కనుక కంటికి తెల్లగా కనిపిస్తుంది. అంతే తప్ప అక్కడ ఏదీ అంటుకుని లేదు.

మరి తాతల నాటి బండలకు ఏమీ కాలేదెందుకు? పెరటి బండ మీద వందసార్లు చింతపండు పడే ఉంటుంది. కాని అది మొదటి నుంచీ గరుకు బండ. పోవడానికి దానికి పాలిష్ లేదు. సమస్య రాయిలో లేదు. పాలిష్ పట్టిన రాయిని పెరటి బండలాగే వాడటంలో ఉంది.

ఏ చోటికి ఏ రాయి?

ఈ సంగతి తెలిస్తే ఎంపిక తేలిక. నడిచే చోట్లకు, అంటే హాలుకు, పడకగదికి, పంచకు పాలిష్ నాపబండ చక్కగా సరిపోతుంది. వేసవిలో కాలికి చల్లగా ఉంటుంది. ఒక బండ పగిలితే దానినొక్కదాన్నే మార్చుకోవచ్చు. ఏళ్ల తర్వాత మెరుపు తగ్గితే మళ్లీ మిషను పెట్టించుకోవచ్చు. టైలుకు ఆ సౌకర్యం లేదు, పైపూత అరిగితే దాని పని అయిపోయినట్టే.

వంటింట్లో పొయ్యి గట్టుకు, చేయి కడిగే సింకు పక్కకు మాత్రం గ్రానైట్ వేయించుకోవడం మేలు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి నల్లని గెలాక్సీ రాయి, కరీంనగర్ వైపు నుంచి గోధుమరంగు రాయి వస్తాయి. ఇవి వంటింటి పులుపుకు లొంగవు. కత్తి గీతకూ తేలికగా లొంగవు. అంత డబ్బు పెట్టలేనివారు గట్టుకు నల్లని కడప బండ వేయించుకోవచ్చు. కాని అదీ సున్నపురాయే అని గుర్తుంచుకోవాలి. వికారాబాద్ జిల్లా తాండూరు నుంచి వచ్చే నీలం, పసుపు బండలూ ఆ జాతివే. పేరు ఏదైనా వాటికి పులుపు పనికిరాదు.

స్నానాల గదికి, అంట్లు తోమే చోటుకు, పెరటి మెట్లకు పాలిష్ వద్దు. గరుకు బండలే వేయించాలి. ఇది అందం సంగతి కాదు, ప్రాణం సంగతి. నున్నని రాయి గానీ టైలు గానీ తడిస్తే జారుతుంది. ముసలివారు అక్కడ పడితే తుంటి ఎముక విరుగుతుంది. విట్రిఫైడ్ టైల్సు అర శాతం నీటిని కూడా పీల్చవు కనుక మరకలు పట్టవు, నిజమే. కాని అదే కారణంగా పడిన నీరు పైననే నిలిచి ఉంటుంది. టైల్సే కావాలనుకునేవారు తడిచోట్లకు గరుకు రకం అడిగి తీసుకోవాలి. గోడకు వేసే టైలును నేలకు వేయకూడదు, అది బరువుకు ఆగదు.

వంటింటి అలమరలకు నాపబండను మించింది లేదు. చెక్కపలకకు చెదలు పడుతుంది, ప్లైవుడ్ తేమకు ఉబ్బుతుంది. బండ అలమరకు ఆ రెండు భయాలూ లేవు. ఊరగాయ జాడీల కింద మాత్రం ఒక పళ్లెం ఉంచాలి.

కొనేటప్పుడు చూడవలసినవి

బండను నిలబెట్టి వేలి ముడుపుతో గానీ చిన్న రాయితో గానీ తట్టి చూడాలి. గట్టి బండ కంచులా మోగుతుంది. లోపల చీలిక ఉన్నది బొద్దుగా పలుకుతుంది. తర్వాత బండ మీద నీళ్లు చల్లి ఆరనివ్వాలి. పైన ఆరిపోయినా సన్నటి వెంట్రుకలాంటి గీతలో తడి నిలిచి ఉంటే అక్కడ పగులు ఉన్నట్టు. అంచులు చూస్తే పొరలు విడుతున్నాయేమో తెలుస్తుంది.

రంగు ఒకేలా ఉండాలంటే ఒకే గని సరుకు, ఒకేసారి తీసుకోవాలి. పగుళ్లకు, కోతలకు నూటికి 5 నుంచి 10 బండలు అదనంగా తెచ్చుకోవాలి. ఆరు నెలల తర్వాత పోయి అడిగితే అదే రంగు దొరకడం కష్టం. మందం కూడా అన్నిటికీ ఒకేలా ఉందో లేదో కొలవాలి. లేకపోతే పరిచిన తర్వాత ఎగుడుదిగుళ్లు వస్తాయి.

నల్లబండకు నూనె పట్టించి, పాలిష్ పట్టించి గ్రానైట్ అని చెప్పేవారు లేకపోలేదు. దాన్ని కనిపెట్టడానికి రెండు పైసల ఖర్చు లేదు. కోతలో మిగిలిన ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి పది నిమిషాలు ఆగి కడగాలి. మెరుపు పోతే అది సున్నపురాయి. ఇనుప మేకుతో గీసి చూసినా తెలుస్తుంది. సున్నపురాయి మీద తెల్లగా గీత పడుతుంది, గ్రానైట్ మీద తేలికగా పడదు. రంగు వేశారేమోనని అనుమానం ఉంటే తెల్లగుడ్డను థిన్నర్‌లో తడిపి గట్టిగా తుడవాలి. గుడ్డ నల్లబడితే ఆ నలుపు రాయిది కాదు.

వేయించేటప్పుడు

బండ ఎంత మంచిదైనా కింద పరుపు సరిగా లేకపోతే నిలవదు. నేలను నీళ్లు పోసి, దిమ్మిసతో బాగా కుదించిన తర్వాతనే ఇసుక, సిమెంటు పరుపు వేయాలి. బేల్దారి బండ పరిచి వెళ్లాక ఇంటివారు ఒక్కొక్క బండనూ తట్టి చూసుకోవాలి. డొల్లగా మోగిన చోట కింద ఖాళీ ఉన్నట్టు. రేపు అక్కడ బియ్యం మూట దించితే బండ పగులుతుంది. అప్పటికప్పుడే తీయించి మళ్లీ వేయించాలి. వేసిన తర్వాత కనీసం వారం రోజులు తడుపుతూ, బరువులు పెట్టకుండా చూడాలి. నీళ్లు పారవలసిన చోట 10 అడుగులకు ఒక అంగుళానికి తక్కువ కాకుండా వాలు ఉంచాలి.

గట్టు బండ కింద రెండు మూడడుగులకు ఒక గోడ ఆధారం ఉండాలి. సింకుకు కోసిన మూలల దగ్గరే బండ మొదట చీలుతుంది కనుక అక్కడ ఆధారం తప్పనిసరి. గట్టు ఎత్తును బేల్దారి తన అలవాటు ప్రకారం కట్టేస్తాడు. రోజూ అక్కడ నిలబడవలసింది ఆయన కాదు. వంటచేసే మనిషిని పిలిచి నిలబెట్టి, ఆమె మోచేతికి సుమారు నాలుగంగుళాల దిగువకు గట్టు పైభాగం వచ్చేలా కట్టించాలి. ఎత్తు ఎక్కువైతే భుజాలు నొస్తాయి, తక్కువైతే నడుము నొస్తుంది. ఇల్లు ఉన్నంతకాలం ఆ నొప్పి ఉంటుంది.

ఇల్లు పూర్తయ్యాక సిమెంటు మరకలు పోగొట్టడానికి నేలంతా యాసిడ్‌తో కడగడం చాలాచోట్ల ఆనవాయితీ. నాపబండకు మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. సిమెంటు పడిన రోజే తడిగోనెతో తుడిపించి, ఆపైన రంపపు పొట్టు చల్లి ఊడిపిస్తే యాసిడ్ అవసరమే రాదు.

రోజువారీ జాగ్రత్తలు

ముందుగా పొడిచీపురుతో ఊడ్చి, ఆ తర్వాతే తడిగుడ్డ పెట్టాలి. ఇసుకరేణువు నాపరాయి కంటే ఎంతో గట్టిది. ఇసుక ఉండగా తుడిస్తే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. గడప బయట గోనెపట్ట వేసి కాళ్లు తుడుచుకుని వచ్చే అలవాటు చేస్తే నేల మెరుపు చాలాకాలం నిలుస్తుంది.

గట్టు మీద చారు, మజ్జిగ, పులుసు ఒలికితే వంట అయ్యేదాకా ఆగకుండా వెంటనే నీళ్లతో కడిగేయాలి. చిటికెడు వంటసోడా చల్లితే మిగిలిన పులుపు విరుగుతుంది. నిమ్మకాయలు, మామిడికాయలు కోసేది పీట మీదో పళ్లెంలోనో ఉండాలి. ఇత్తడి, రాగి సామాను తోమడం పెరట్లోని గరుకు బండ మీదనే. మామూలు తుడుపుకు లేత సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. స్టీలు పీచు గిన్నెలకే గాని గట్టుకు కాదు. పొయ్యి మీది నుంచి దించిన గిన్నెను చుట్టకుదురు మీద పెట్టాలి.

నూనె మరకకు వేరే వైద్యం ఉంది. ముగ్గుపిండిని సబ్బునీళ్లతో గట్టి ముద్దగా కలిపి మరక మీద పావంగుళం నుంచి అరంగుళం మందం పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి రాత్రంతా ఉంచాలి. మర్నాడు కాగితం తీసి పూర్తిగా ఆరనిచ్చి ఊడ్చేయాలి. ముద్ద ఆరుతూ నూనెను పైకి లాగుతుంది. పాత మరకకు రెండు మూడుసార్లు పట్టించవలసి వస్తుంది. ముగ్గుపిండీ రాతిపొడే కనుక బండకు హాని చేయదు.

నేల మీద తెల్లటి ఉప్పు పూస్తే అది కింది తేమతో పైకి వస్తున్న లవణం. దాన్ని పొడిచీపురుతో ఊడ్చేయాలి. నీళ్లు పోసి కడిగితే మళ్లీ లోపలికి ఇంకి మళ్లీ పూస్తుంది. గోడ వారగా నీరు నిలుస్తోందేమో, గొట్టం కారుతోందేమో చూసి ఆపితేనే శాశ్వతంగా పోతుంది.

యాసిడ్ సీసాతో చెలగాటం వద్దు

బండ పోతే మరొకటి వేయించుకోవచ్చు, మనిషి పోతే రాడు. మరకలకని తెచ్చే యాసిడ్ కంటిలో పడితే చూపు పోవచ్చు. యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో కలిపితే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. తలుపులు మూసిన స్నానాల గదిలో అది ఊపిరి ఆడనివ్వదు. రెండూ కలిస్తే శుభ్రం రెట్టింపవుతుందనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు. ఘాటు తగలగానే అన్నీ వదిలి బయటి గాలిలోకి రావాలి. ఒంటి మీద, కంట్లో పడితే కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పోసి, ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్లాలి. నీళ్లు తాగే సీసాలలో యాసిడ్ పోసి ఉంచడం, పిల్లలకు అందే చోట పెట్టడం ఎన్నడూ చేయకూడదు.

పోయిన మెరుపు తిరిగి వస్తుంది

పులుపు తగిలి మెరుపు పోయిన బండను పారేయనక్కరలేదు. కరిగింది పైపైన మాత్రమే. పాలిష్ పనివారు ముతక సానరాయితో మొదలుపెట్టి సన్నరాయి దాకా, నీళ్లు పోస్తూ మిషను పట్టిస్తే కొత్త పొర తేలుతుంది. గట్టు పగలగొట్టి, చెత్త ఎత్తించి, కొత్త రాయి కొని, కూలి ఇచ్చి వేయించే ఖర్చుతో పోల్చితే ఇది చాలా తక్కువ.

బనగానపల్లె వైపు ఆ పల్లెలోనూ చివరికి అదే చేశారు. ఒక పూట పనితో గట్టు మళ్లీ నల్లబడింది. గ్రానైట్‌కు తీసి ఉంచిన డబ్బు మిగిలింది. డబ్బులు తీసుకుని వెళ్తూ పనివాడు అత్తతో, "అవ్వా, కోడలి తప్పు ఏమీ లేదు. నీ కాలంలో బండకు పాలిష్ లేదు, అంతే తేడా" అన్నాడు. ఇప్పుడు ఆ ఇంట్లో పండగ వస్తే ఇత్తడి సామాను పెరట్లోకి పోతుంది. తాతల నాటి గరుకు బండ మీద అత్తే కూర్చుని చింతపండుతో తోముతోంది.